చెవిలోని శంఖము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున సాహిత్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను చెవిని గూర్చి మాటలాడెదనంటిని. వారు కొంత వింతగా చూచి, "అది వైద్యులు చెప్పవలసిన మాట గదా!" అనిరి. నిజమే. నేను వైద్యుడను కాను. ఊరి లెక్కలు వ్రాసికొని జీవించువాడను. నా బడిచదువు పదవ తరగతితో ఆగినది. భారత భాగవతములు ఈ గదిలోని బల్లలమీదనే అక్షరమక్షరము కూడబలుకుకొని నేర్చితిని. అయినను ఈ విషయమున నాకొక బాకీ యున్నది. అదేమో చివర విన్నవించెదను. లెక్కలవాడు బాకీ దాచరాదు గదా!

మన పూర్వులు చెవికిచ్చిన గౌరవము సామాన్యమైనది కాదు. వేదమునకు శ్రుతి యని పేరు పెట్టిరి. పండితుని బహుశ్రుతుడనిరి, అనగా చాల విన్నవాడని అర్థము. నవవిధ భక్తులలో శ్రవణమును ముందు నిలిపిరి. ప్రహ్లాదుడు తల్లిగర్భమున నుండియే నారదుని బోధను వినెనని భాగవతము చెప్పుచున్నది. అది కేవలము కవికల్పన యని నేను చాలకాలము తలచితిని. గర్భస్థ శిశువునకు ఆరు నెలలు నిండునాటికే లోచెవి పనికి పూనుకొనుననియు, వెలుపలి పెద్ద చప్పుడునకు బిడ్డ కదలుననియు, పుట్టిన బిడ్డ తల్లి గొంతును ఇతరుల గొంతులనుండి వేరుపరచుననియు నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బోధ అర్థమగుట వేరు మాట. కన్ను వెలుగును చూడకమునుపే చెవి తన కొలువులో చేరుననుట మాత్రము సత్యము.

శబ్దము చెవిదాక ఎట్లు వచ్చునను ప్రశ్నకు మన నైయాయికులు వీచీతరంగ న్యాయమును చెప్పిరి. చెరువులో రాయి వేసినచో ఒక అల మరియొక అలను పుట్టించుచు గట్టునకు చేరునట్లు, శబ్దమును చెవికి చేరునని వారి వివరణము. శబ్దమునకు ఆధారము ఆకాశమని వారనిరి. నేటి శాస్త్రము గాలి, నీరు, లోహము మున్నగు పదార్థములే ఆధారమనియు, ఏ పదార్థమును లేని శూన్యమున శబ్దము పోజాలదనియు నిరూపించినది. ఆధారము మారినది గాని, అల యను ఉపమానము చెక్కుచెదరక నిలిచినది.

ఇక చెవి కట్టడమును చూతము. వెలుపల కనిపించు దొప్పనుండి సుమారు ఒక అంగుళము లోనికి పోయినచో పలుచని పొర యొకటి అడ్డమగును. అదియే కర్ణభేరి. దాని వెనుక గాలితో నిండిన చిన్న గది. ఆ గదిలో మూడు ఎముకలు గొలుసుకట్టుగా నున్నవి. ఒకటి సుత్తె, ఒకటి దాగలి, మూడవది అంకవన్నె. మన ప్రాంతమువారు రికాబు అందురు. మొదటి రెండును మన కమ్మరి కొలిమిలోనివే, మూడవది గుఱ్ఱపు జీనుకు వ్రేలాడునది. ఆ రికాబు వంటి ఎముక మన శరీరములోని ఎముకలన్నిటిలో చిన్నది. సుమారు మూడు మిల్లీమీటర్లుండును.

ఈ గొలుసు ఎందులకు? బావిలో మునిగియున్నవానిని గట్టుమీదనుండి ఎంత పిలిచినను వినబడదు. గాలిలోని శబ్దము నీటిని తాకినప్పుడు దాదాపుగా అంతయు వెనుకకు మరలిపోవును. మన లోచెవి యంతయు ద్రవముతో నిండినది. అదియును ఒక బావి వంటిదే. కనుక శబ్దమును దానిలోనికి నెట్టుటకు బలము కావలెను. వెడల్పయిన కర్ణభేరిమీది ఒత్తిడిని ఈ మూడెముకలు కూడగట్టి, దానికన్న ఎంతో చిన్నదియైన గవాక్షముమీద మోపును. అందువలన ఒత్తిడి సుమారు ఇరువది రెట్లగును. వెడల్పయిన తల మీది దెబ్బను మేకు తన సన్నని మొనకు చేర్చినట్లే యిదియును.

ఆ గవాక్షము దాటినచో ఎముకలో తొలిచిన గుహ వచ్చును. అందు శబ్దమునకైన భాగము శంఖమువలె, నత్తగుల్లవలె రెండున్నర చుట్లు చుట్టుకొనియున్నది. దానిని కర్ణావర్తము అందురు. చుట్టు విప్పి సాగదీసినచో సుమారు ముప్పదియైదు మిల్లీమీటర్లు. నా చిటికెన వ్రేలిలో సగముకన్న కొంచె మెక్కువ. "చెవిటివాని ముందు శంఖ మూదినట్లు" అని మనము నవ్వుకొందుము. కాని ప్రతి మానవుని చెవిలోను ఒక శంఖమున్నది. అది మూగవోయినప్పుడే వెలుపలి శంఖము వ్యర్థమగును. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ సామెతకు నవ్వుట నేను మానితిని.

ఈ శంఖములో పొడవునను ఒక సన్నని పొర పరచియున్నది. మొదట ఇరుకుగను బిగువుగను, కొసకు పోవుకొలది వెడల్పుగను మెత్తగను ఉండును. పిచ్చుక కూత వంటి సన్నని స్వరమునకు మొదటి భాగము ఎక్కువగా ఊగును. డప్పు మ్రోత వంటి లావు స్వరమునకు కొస భాగము ఊగును. దీనిని కన్నులార చూచినవాడు జార్జ్ ఫాన్ బెకెషీ. 1899లో బుడాపెస్టులో పుట్టి, హంగేరీ తపాలాశాఖవారి టెలిఫోను ప్రయోగశాలలో పనిచేసినవాడు. టెలిఫోనును బాగుచేయవలెనన్నచో వినెడి చెవిని ముందు తెలిసికొనవలెనని తలచి, మృతుల చెవులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆ పొరమీద అల ప్రయాణించుటను కనుగొనెను. 1961లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. గౌతముని శిష్యులు వెలుపల ఊహించిన వీచీతరంగమును ఈయన చెవి లోపల చూచెను.

ఆ పొరమీదనే వెండ్రుకల వంటి సూక్ష్మమైన మొలకలు గల కణములు వరుసలుగా నిలిచియున్నవి. 1851లో ఇటలీ దేశస్థుడగు ఆల్ఫాన్సో కోర్తీ వీటి స్థానమును వర్ణించెను. అల వచ్చినప్పుడు ఈ రోమములు వంగును. వంగినంతనే కణములో విద్యుత్తు పుట్టి నాడిద్వారా మెదడునకు వార్త పోవును. ఒక్కొక్క చెవిలో ఇట్టి కణములు సుమారు పదునైదువేలు. పదునైదువేలనగా ఎక్కువ యని తోచవచ్చును. మన మండలములోని ఒక పెద్ద జాతరకు అంతకన్న ఎక్కువమంది వత్తురు.

నా వృత్తికి తగిన మాట యిప్పుడు చెప్పెదను. ఏ ఖాతాకైనను జమ యుండును, ఖర్చుండును. ఈ చెవి ఖాతాలో ఖర్చు పుటయే గాని జమ పుట లేదు. చర్మము గాయపడినచో మరల పూడును. విరిగిన ఎముక అతుకును. ఈ రోమకణము చచ్చినచో మానవునకు మరల మొలవదు. మన పెరటి కోడికి మాత్రము మొలచును. ఈ విషయము 1980ల చివర తెలియవచ్చినది. అది మనుష్యులకు ఎట్లు సాధ్యమగునో యని శాస్త్రజ్ఞులు నేటికిని వెదకుచున్నారు. అంతవరకు పుట్టినప్పుడు ఇచ్చిన మూలధనమే మనకు దిక్కు.

లోచెవికి రెండవ ఉద్యోగమొకటి యున్నది. శరీరమును తూకముగా నిలుపుట దాని పని. శంఖమునకు ప్రక్కనే అర్ధచంద్రాకారపు గొట్టములు మూడున్నవి. ఒకటి నేలబారుగను, రెండు నిలువుగను, గది మూలలో రెండు గోడలును నేలయు కలిసినట్లు ఒకదానికొకటి మూలమట్టముగా నుండును. వాటిలోను ద్రవమే. నీళ్ళకుండను చటుక్కున త్రిప్పినచో కుండ తిరుగును, నీరు వెనుకబడును గదా! తల తిరిగినప్పుడును అంతే. వెనుకబడిన ద్రవము లోపలి రోమములను వంచును. తల ఎటు తిరిగినదో మెదడునకు తెలియును. జాతరలో రంగులరాట్నము దిగిన పిల్లవానికి నేల తిరుగుచున్నట్లు తోచుటకు కారణము, రాట్నము ఆగినను గొట్టములోని నీరు కొంతసేపు ఆగకపోవుటయే.

ఇది నిజమో కాదో ఇక్కడనే పరీక్షింపవచ్చును. చేత నొక పుస్తకము పట్టుకొని, దానిని కదల్పక, తలను మాత్రము అడ్డముగా వేగముగా ఊపుచు చదువుడు. అక్షరములు నిలుకడగనే యుండును. ఇప్పుడు తలను నిలిపి, పుస్తకమును అంతే వేగముగా ఊపుడు. అక్షరములు అలుకుకొనిపోవును. మొదటిసారి లోచెవి తల కదలికను తెలిపి కన్నులను ఎదురుదిక్కునకు త్రిప్పినది. రెండవసారి దానికి చెప్పుటకేమియు లేదు. ఎద్దుబండిలో పోవుచు దారిప్రక్కనున్న మనిషిని గుర్తుపట్టుటయు ఈ చెవి చలువయే.

ఈ గొట్టముల మొదట రెండు చిన్న సంచులున్నవి. వాటిలోని జిగురుపొరమీద అతి సూక్ష్మమైన స్ఫటికములు పరచియున్నవి. అవి వేరేమియు కాదు, సున్నపురాయి పదార్థమే. హుజూర్‌నగర్ ప్రాంతమున సిమెంటు కర్మాగారములకు త్రవ్వు రాయియు, తాండూరు నాపరాయియు ఏ పదార్థమో, మన చెవిలోని ధూళియు ఆ పదార్థమే. తల వంచినప్పుడు ఈ ధూళి బరువుకు పొర జారును. ఏది పైనో ఏది క్రిందనో మనకు తెలియును. మేస్త్రీ చేతి తూకపుగుండు చేయు పనిని మన చెవిలో ఇది చేయుచున్నది.

ఇది ఎంత విలువైనదో మన గౌడన్నల నడిగిన తెలియును. మోకు, ముస్తాదు కట్టుకొని తాటిచెట్టు నెక్కి, నడుమునకున్న మోకుమీద వాలి, రెండు చేతులతో గెల గీయుట సామాన్యమైన విద్య కాదు. 2024లో ప్రభుత్వమువారు కాటమయ్య రక్షణ కవచమను పేర గీత కార్మికులకు పరికరములిచ్చుట మొదలిడిరి. అది మంచి పని. జారినవానిని కవచము పట్టును. జారకుండ నిలుపునది లోచెవి, కన్ను, కాలిక్రింది స్పర్శ, ఈ మూడును.

మా ఊరి గీతకార్మికుడొకడు కొన్నేండ్లక్రిందట నాయొద్దకు వచ్చి, "పంతులూ, నెత్తి లేపి మట్టదిక్కు చూస్తే భూమి గిర్రున తిరుగుతున్నది. మంచంల పక్కకు మర్లినా అంతే. ఇగ చెట్టెక్కుడు నాతోని కాదు" అని కన్నీరు పెట్టుకొనెను. పైత్యమని కషాయములు త్రావెను. దిష్టి యని తీయించుకొనెను. సెలైను సీసాలెక్కించుకొనెను. రెండు నెలలు చెట్టెక్కలేదు. ఇంటిలో అప్పు మిగిలినది. తుదకు పట్టణములో చెవి వైద్యుడొకడు చూచి, అతనిని బల్లమీద పరుండబెట్టి, తలను ఒక క్రమములో నాలుగు భంగిమలకు త్రిప్పి, కొంతసేపు నిలిపి లేపెను. మందు లేదు, సూది లేదు. మరునాటికే తిప్పుట తగ్గినది; వారము తిరుగకముందే చెట్టెక్కెను.

జరిగినదేమనగా, సంచిలోని సున్నపు ధూళి కొంత ఊడి గొట్టములోనికి జారినది. తన సర్వే నంబరు విడిచి పక్క సర్వే నంబరులో చేరినది. తల ఎత్తినప్పుడెల్ల అక్కడ దొర్లుచు, లేని తిరుగుడును ఉన్నట్లు మెదడునకు తప్పుడు వార్త పంపినది. వైద్యుడు చేసినది దానిని హద్దు దాటించి యథాస్థానమునకు పంపుటయే. ఈ పద్ధతిని అమెరికా దేశపు వైద్యుడు జాన్ ఎప్లీ ఏర్పరచెను. కాని అన్ని తిప్పుళ్ళును ఇట్టివి కావు. తల తిరుగుటతోపాటు మాట తడబడుట, మూతి వంకరపోవుట, చేయి కాలు చచ్చువడుట ఉన్నచో అది మెదడు సంబంధమైన ఆపద కావచ్చును. అప్పుడు క్షణమాలసింపక ఆసుపత్రికి పోవలెను.

ఇక ఈ ధనమును మనము ఎట్లు దుబారా చేయుచున్నామో చూడుడు. మొదటిది చప్పుడు. శబ్దబలమును డెసిబెల్ అను కొలతతో లెక్కింతురు. 85 డెసిబెళ్ళ చప్పుడును దినమునకు ఎనిమిది గంటలవరకు చెవి ఓర్చుకొనునని నిపుణుల లెక్క. అక్కడనుండి ప్రతి మూడు డెసిబెళ్ళకు కాలము సగమగును. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. పెండ్లి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు నిలిచిన పిల్లవానికి ఆ పావుగంట కూడ మిగులదు. ఆ రాత్రి చెవులు గుయ్యిమనును. తెల్లవారి తగ్గినదని సంతసింతుము. కొంత తగ్గును, కొంత ఖర్చుపుటలో శాశ్వతముగా పడును. రాత్రి పది గంటలనుండి తెల్లవారి ఆరు గంటలవరకు బహిరంగముగా ధ్వనివర్ధకములు మ్రోగరాదని 2000లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. ఆ నియమములకును మన గ్రంథాలయమునకును ఒకే ఈడు.

రెండవది, తెలియక వాడు మందులు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ జాతి సూదిమందులు ప్రాణములు కాపాడినవే. కాని మోతాదు మీరినచో, కొందరికి మీరకున్నను, లోచెవి కణములను చంపును. వైద్యుని సలహా లేక ఊరక సూది వేయించుకొనరాదు. మూడవది, చెవిలో పుల్లలు త్రిప్పుట, కాచిన నూనె పోయుట. చీము కారు చెవిని ఉపేక్షించినచో కర్ణభేరియే గాక లోచెవియు చెడవచ్చును.

నాల్గవది చెప్పుటకు కొంచెము సంకోచము. మేనరికము మన ఇండ్లలో ప్రేమతో చేసికొను సంబంధము. మా ఇంటిలోను కలదు. నిందించుటకు చెప్పుట లేదు. పుట్టుచెవుడులో పెద్ద భాగము వంశములో దాగిన లోపమువలన వచ్చును. అట్టి లోపము తల్లినుండియు తండ్రినుండియు రెండు వైపుల వచ్చినప్పుడే చాలవరకు బయటపడును. అసలు పుస్తకములోను నకలులోను ఒకే తప్పున్నచో ఎంత సరిపోల్చినను తప్పు దిద్దబడదు. దగ్గరి చుట్టరికములో ఇట్లు జరుగుటకు అవకాశమెక్కువ. అందుచేత మేనరికపు ఇంట బిడ్డ పుట్టినప్పుడు వినికిడి పరీక్ష తప్పక చేయింపవలెను.

ఇప్పుడు నా బాకీ. పదునాలుగేండ్లక్రిందట మా వీధి ఇల్లాలొకతె ఏడాదిన్నర బిడ్డను ఎత్తుకొని నాయొద్దకు వచ్చినది. "పిలిస్తే మర్లి చూడడు పంతులూ, మాట రాలేదు" అన్నది. చదువుకొన్నవాడనని నన్నడిగినది. నేనేమంటిని? "కొందరికి మాట ఆలస్యమమ్మా. మా మేనమామకు నాలుగేండ్లకు వచ్చినది. తొందరపడకు" అంటిని. ఆ తల్లి నా మాట నమ్మి రెండేండ్లు ఊరకున్నది. పిమ్మట ఎవరో చెప్పగా హైదరాబాదు తీసికొనిపోయిరి. రెండు చెవుల శంఖములును పుట్టుకతోనే మూగవని తెలిసినది.

అప్పటికే చేతికందు ఉపాయములుండెను. చెవి తాను విన్నప్పుడు సన్నని ప్రతిధ్వని చేయునని 1978లో డేవిడ్ కెంప్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. దాని సహాయమున నిద్రించు పసికందు చెవిని కొన్ని నిమిషములలో పరీక్షింపవచ్చును. రోమకణములు లేనిచోట నాడికే సూటిగా విద్యుత్ వార్త అందించు కాక్లియర్ ఇంప్లాంటు అను యంత్రమున్నది. 2007లో ఆరోగ్యశ్రీ పథకమును మొదలుపెట్టిన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకము క్రింద చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్స చేయించుచుండిరి. కాని మాట నేర్చు మెదడునకు మొదటి మూడు నాలుగేండ్లు విత్తనపు అదను వంటివి. అదను దాటినను విత్తవచ్చును. పంట మాత్రము అంత రాదు.

ఆ బిడ్డకు చికిత్స జరిగినది. నేడు పదిహేనేండ్లు దాటినవి. వినుచున్నాడు, మాటలాడుచున్నాడు, కాని కష్టముతో. మన గ్రంథాలయమునకు ప్రతి సాయంకాలము వచ్చు సభ్యుడతడే. అతని తల్లి అనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాను. నేను పోగొట్టిన రెండేండ్లను అతనికి తిరిగి ఈయలేను. నన్ను ఎక్కువ బాధించునది మరియొకటి. బాలల ఆరోగ్యమును గూర్చిన చిన్న పుస్తకమొకటి ఆ మూల బీరువాలో అప్పుడే యుండెను. పలుకని బిడ్డకు ముందు చెవి చూపింపవలెనని అందు వ్రాసియున్నది. నేను ఆ బీరువా ప్రక్కనే కూర్చుండి ప్రహ్లాద చరిత్ర చదువుచుంటిని. గర్భములోని బిడ్డ వినుటను చదివి ఆనందించినవాడను, ఎదుటి బిడ్డ వినకపోవుటను గుర్తింపలేకపోతిని.

కనుక తల్లులారా, ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు. నెలల బిడ్డ పెద్ద చప్పుడునకు ఉలికిపడకున్నను, ఆరు నెలల బిడ్డ పిలుపువైపు తల త్రిప్పకున్నను, ఏడాది దాటియు అత్త, తాత వంటి మాట రాకున్నను, నావంటి పంతులు నడుగవద్దు. ప్రభుత్వ ఆసుపత్రికి పొండు. హైదరాబాదు కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి యున్నది. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రమున్నది. చూపించినపిమ్మట ఏమియు లేదని తేలినచో సంతోషమే. పోయినది బస్సు చార్జీ మాత్రమే.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. నేను చెప్పిన పుస్తకమును బీరువానుండి తీసి, వార్తాపత్రికల బల్లమీద అందరికి కనబడునట్లు ఉంచుడు. అది చినిగినచో క్రొత్త ప్రతికి డబ్బు నేనిత్తును. రజతోత్సవపు ఊరేగింపునకు డీజే పెట్టక డప్పులతో సరిపెట్టినందులకు మీకు నా ధన్యవాదములు; ఆ డప్పులకును పిల్లలను కొంచెము దూరముగా నిలుపుడు.